క్యారవాన్ మూవర్: అమరిక, సర్దుబాటు

కారు వెనక తగిలించి లాగే నివాసపు బండిని, కారు విప్పేశాక రిమోట్‌తో కదిపే మోటారు పరికరమే క్యారవాన్ మూవర్. తెలుగునాట క్యారవాన్ అంటే సినిమా తారలు సేదదీరే వ్యాను. దానికి సొంత ఇంజిన్ ఉంటుంది కాబట్టి మూవర్‌తో పనిలేదు. ఈ పరికరాన్ని బ్రిటన్, జర్మనీ వంటి చోట్ల ఇంజిన్ లేని బండ్లకు వాడతారు. ట్రూమా, రైష్, ఆల్-కో అనే జర్మన్ కంపెనీలు, బ్రిటన్‌కు చెందిన పవర్‌టచ్ తయారీదారుల్లో పేరున్నవి.

చక్రానికొకటి చొప్పున 12 వోల్టుల మోటారు, దానికో రోలరు ఉంటాయి. రోలరు టైరుకు గట్టిగా ఒత్తుకుని దాన్ని తిప్పుతుంది. రెండు మోటార్లను కలిపే అడ్డకడ్డీ ఛాసిస్ కింద సాగుతుంది. మొత్తం బరువు రకాన్ని బట్టి మారుతుంది, ఒంటి ఇరుసు బండికి సాధారణంగా 30 కిలోలు, అటూ ఇటూ. ఈ మేరకు బండిలో పెట్టుకునే సామాను తగ్గించుకోవాలి.

చిక్కంతా చోటు దగ్గరే. స్టెప్నీ తొట్టి, మురుగునీటి గొట్టాలు, గ్యాసు గొట్టం, బ్రేకు కడ్డీ, జాకీ బ్రాకెట్లు, కొన్నిటికి షాక్ అబ్సార్బర్లు, అన్నీ ఇరుసు పరిసరాల్లోనే ఉంటాయి.

అడ్డం తగిలితే మూవర్‌నే జరుపుదామన్న ఆలోచన ముందు వస్తుంది. కానీ దాని స్థానాన్ని టైరే నిర్ణయిస్తుంది. రోలరును టైరు నుంచి విడదీసినప్పుడు రెండిటి మధ్య సందు చాలా రకాల్లో 20 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అంతకన్నా దూరం జరిపితే రోలరు పట్టు చాలదు, దగ్గరైతే ప్రయాణంలో టైరుకు రాసుకుంటుంది. కొలత కూడా బండి చక్రాల మీద నిలిచి, టైరులో సరైన గాలి ఉన్నప్పుడే తీసుకోవాలి. ఛాసిస్ ఎత్తు తక్కువైన బండ్లకు, మూవర్‌ను పట్టి ఉంచే క్లాంపుకూ ఛాసిస్‌కూ మధ్య పెట్టే అదనపు పలకలు తయారీదారులే ఇస్తారు. ఆల్-కో ఛాసిస్‌కు కొత్త రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం ఆ కంపెనీ అనుమతించదు; జింకు పూత పోవడమే కాక పలుచని ఉక్కు బలం కూడా తగ్గుతుంది.

మూవర్‌ను ఇరుసుకు ముందు కాక వెనక బిగించడం రెండో మార్గం. కొందరు బిగింపుదారులు దీన్నే తేలిక దారి అంటారు. అది అన్ని బండ్లకూ చెల్లదు. ఆల్-కో రబ్బరు ఇరుసులో చక్రాన్ని మోసే చేయి వెనక్కి సాగి ఉంటుంది, షాక్ అబ్సార్బర్ ఉంటే అదీ ఆ వైపే. పైగా వెనక బిగించేటప్పుడు మూవర్‌ను తిప్పడంతో ఎడమ మోటారు కుడికి వెళుతుంది కనుక తీగలు మార్చి కలపకపోతే, రిమోట్‌లో ముందుకు నొక్కితే బండి వెనక్కి పోతుంది. బరువు ఇరుసు వెనకకు చేరడం వల్ల కారు కొక్కెంపై పడే భారం కొద్దిగా తగ్గుతుంది. లాగే బండి తిన్నగా నడవడానికి ఆ భారం అవసరం. మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలన్నది బ్రిటన్‌లో వాడుకలో ఉన్న లెక్క.

కాబట్టి అడ్డొచ్చే భాగాన్ని జరపడమే మేలనిపిస్తుంది. మురుగు గొట్టానికి కాస్త వంపు మార్చి, వాలు చెడకుండా పక్కకు తిప్పవచ్చు. స్టెప్నీ తొట్టిని తీసేసి చక్రాన్ని లోపల పెట్టుకునేవారూ ఉన్నారు, బరువు సర్దుకోవలసి వస్తుంది. బ్రేకు కడ్డీ, కేబుళ్లను మాత్రం కదపకూడదు. గ్యాసు గొట్టం అర్హత ఉన్నవారి పని.

పని చేసేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరరాదు, స్టాండ్లు ఉండాలి. బ్యాటరీ స్విచ్ ఆపి ఉంచాలి. టైరు మార్చినప్పుడల్లా సందు మళ్లీ కొలవాలి. అరిగిన టైరు స్థానంలో కొత్తది వస్తే ఆ 20 మిల్లీమీటర్లలో కొంత తగ్గిపోతుంది.