సాయా తీసేసి రఫ్తార్ తెచ్చుకున్న తారీఖ్

ఉర్దూలో తేదీకీ, చరిత్రకీ ఒకటే మాట: తారీఖ్. 1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. మరుసటి ఏడాది అమెరికాలో ఎన్‌విడియా జీఫోర్స్ 256 కార్డును తెచ్చి, దానికి జీపీయూ అని పేరు పెట్టింది. హైటెక్ సిటీ తారీఖ్ అంటే మనకు జమీన్ ధరలూ, ముఖ్యమంత్రుల పేర్లే గుర్తొస్తాయి. ఆ కంప్యూటర్ గల్లీలోకి వచ్చాక పిల్లలు దాంతో ఏం చేశారన్న ముచ్చట ఎవరికి పట్టింది?

2003లో జీటీఏ వైస్ సిటీ పీసీ మీదికి వచ్చింది. కనీసం 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు కావాలన్నది దాని షర్తు. బస్తీల్లో అబ్బాజాన్ అప్పుచేసి తెచ్చిన కంప్యూటర్లలో కార్డు ఎక్కడిది? బోర్డు మీద ఉన్న గ్రాఫిక్సే దిక్కు. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్ నుంచి ఉధార్ తీసుకుంటుంది. కారెక్కితే ఆట కాదు, ఫోటోల ఆల్బమ్ తిప్పినట్టుండేది. కార్డు కొనివ్వమని ఇంట్లో అడిగే హిమ్మత్ ఎవరికీ లేదు. కంప్యూటర్ కొన్నది అమీర్‌పేట్ కోర్సు కోసం కదా!

అందుకే సెట్టింగ్స్‌లో తరకీబులు వెతికారు. 1024×768 అంటే ప్రతి ఫ్రేముకూ 7,86,432 చుక్కలు. 640×480కి దించితే 3,07,200. సగంకన్నా తక్కువ మెహనత్. డ్రా డిస్టెన్స్ తగ్గిస్తే దూరపు బిల్డింగులు గాయబ్. ట్రెయిల్స్ ఆఫ్ చేస్తే తెర మొత్తాన్ని మళ్లీ దానిమీదే పూసే పని పోతుంది. తస్వీర్ కాస్త బద్‌సూరత్ అయ్యేది, బండి మాత్రం పరుగెత్తేది. ఏది వదులుకుంటే ఏది దక్కుతుందన్న ఆ హిసాబ్, నా దృష్టిలో, చాలా కోచింగ్ క్లాసుల కన్నా అసలైన కంప్యూటర్ తాలీమ్.

ఆ హిసాబ్ ఇప్పటికీ మారలేదు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు మిగిలే మోహలత్ 16.7 మిల్లీసెకన్లే. ముందు రిజల్యూషన్ దించి చూడండి. రఫ్తార్ పెరిగితే బోజా గ్రాఫిక్స్ మీద ఉన్నట్టు. పెరగకపోతే ప్రాసెసర్ అలసిపోయినట్టు. అప్పుడు జనసమ్మర్దం, డ్రా డిస్టెన్స్ తగ్గించాలి. గ్రాఫిక్స్ మీదే బోజా అయితే మొదట కోయాల్సింది సాయాలనే. దీపం ఉన్న చోటు నుంచి దృశ్యాన్ని ఇంకోసారి గీస్తే గానీ నీడ పడదు మరి. టెక్స్‌చర్ల సంగతి వేరు: వీడియో మెమరీలో పట్టినంతకాలం పెద్దగా ఖర్చు లేదు, పట్టకపోతే ఝట్కాలు మొదలు. మే నెలలో ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే నెమ్మదించడం మన షహర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

2006లో ఏటీఐని కొన్న ఏఎండీకి ఇవాళ హైదరాబాద్‌లో పెద్ద కేంద్రముంది, ఎన్‌విడియాకూ ఇక్కడ దఫ్తర్ ఉంది. ఏఎండీ 2021 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ తెచ్చింది: చిన్న సైజులో గీసి, పెద్దది చేసి చూపడం. పాత కార్డుల మీదా నడుస్తుంది. ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్‌కు మాత్రం ఆర్‌టీఎక్స్ కార్డు తప్పనిసరి. బస్తీ పిల్లలు కళ్లు చికిలించుకుని 640×480లో ఆడిందానికి ఇది కాస్త ఇస్త్రీ చేసిన రూపం, అంతే.

ఇవన్నీ చేసినా బండి కదలకపోతే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. బోర్డు గ్రాఫిక్స్ వాళ్లు అక్కడ కార్డు ధర అడిగే ముందు, తమ కంప్యూటర్‌లో ర్యామ్ ఒక స్టిక్కే ఉందేమో చూసుకోవాలి. రెండోది జతచేస్తే ఉధార్ మెమరీకి దారి రెట్టింపవుతుంది.