వంద బైట్లలో ఇమడని పేరు

1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వెలువడిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో టార్ వచ్చింది. టేప్ ఆర్కైవ్ అన్న మాటలకు కుదింపు అది. ఫైళ్లను ఒకదాని వెనక ఒకటి పేర్చి మాగ్నెటిక్ టేపు మీదికి ఎక్కించడం దాని పని. ప్రతి ఫైలుకూ ముందు 512 బైట్ల హెడర్ ఉంటుంది. అందులో మొదటి 100 బైట్లు పేరుకు.

అప్పటికి ఆ వంద ధారాళమే. ఆ యూనిక్స్‌లో ఫైలు పేరు 14 అక్షరాలు దాటడానికే వీల్లేదు మరి. ఐదు డైరెక్టరీల లోతుకు దిగినా ఇంకా చోటు మిగిలేది. 1983లో బర్కిలీ వాళ్ల యూనిక్స్ అయిన 4.2 బీఎస్‌డీ ఒక్క పేరునే 255 అక్షరాల దాకా సాగనిచ్చింది. చిక్కు అక్కడ మొదలైంది.

యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిగా 1988లో వచ్చిన పోసిక్స్ ప్రమాణం హెడర్ చివర ఖాళీగా పడి ఉన్న చోటులోంచి 155 బైట్లు తీసి, ఫైలు దారిలోని (డైరెక్టరీల పేర్లతో కలిపిన పూర్తి పేరులోని) ముందు భాగానికి ఇచ్చింది. అయితే దారిని ఏటవాలు గీత దగ్గరే విరవాలి. చివరి పేరు ఒక్కటే వంద దాటితే ఆ ఏర్పాటు పనికిరాదు.

తెలుగుకు తగిలే దెబ్బ ఇదే. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. “ఆంధ్రమహాభారతం_ఆదిపర్వం_ప్రథమాశ్వాసం” అన్న పేరు చూడండి. కంటికి కనిపించేవి పదహారు అక్షరాలు, రెండు అడ్డగీతలు. బైట్లు మాత్రం 101! వంద దగ్గర కోస్తే చివరి సున్నాకు మూడింట రెండు బైట్లే మిగులుతాయి. అది ఇక ఏ అక్షరమూ కాదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు జీఎన్యూ వాళ్లు తమ టార్‌లో వేరే దారి తొక్కారు. అసలు ఫైలుకు ముందు “@లాంగ్‌లింక్” అనే ఉత్తుత్తి ఫైలును నిలిపి, పూర్తి పేరును దాని పొట్టలో పెట్టారు. 2001లో పోసిక్స్ తెచ్చిన పాక్స్ పద్ధతి ఇంతకంటే శుభ్రమైనది. పేరుకు విడిగా ఒక వరుస, ఆ వరుస ముందు దాని పొడవు. పై పేరుకైతే 111, ఆ మూడంకెలతో కలిపే. నిడివికి హద్దు పెట్టని ఈ పద్ధతే తెలుగుకు సరైనది.

పాత సాఫ్ట్‌వేర్ విడుదలలు చాలావరకు టార్‌బాళ్లుగానే, అంటే టార్ కట్టిన మూటలుగానే మిగిలాయి. వాటిని వరుసగా, మార్పుల చరిత్రను దాచే గిట్‌లోకి ఎక్కిస్తే చరిత్ర మళ్లీ చేతికొస్తుంది. అందుకోసం 2007లో షాన్ పియర్స్ రాసిన స్క్రిప్టు గిట్‌లో చేరింది. జీసీసీ కంపైలర్ టార్‌బాళ్లలో పాక్స్ హెడర్ ఎదురైనప్పుడు అది ఆగిపోయేది. హెడర్‌లోని పేరును దాచి, తర్వాతి ఫైలుకు తగిలించేలా ఆ తర్వాత సరిచేశారు.

ఆగిపోవడమే నయం. పొడవు పేర్లు తెలియని పనిముట్టు చప్పుడు చేయకుండా కోసేస్తే, మొదటి వంద బైట్లూ ఒకటే అయిన రెండు ఫైళ్లలో వెనకొచ్చింది ముందుదాన్ని చెరిపేస్తుంది. గిట్‌లో ప్రతి కమిట్ (దాచిన ఒక్కో దశ) గుర్తింపూ దాని వెనకటి కమిట్‌ను కలుపుకునే పుడుతుంది. కాబట్టి మొదట్లో జరిగిన పొరపాటును దిద్దితే ఆ తర్వాతి గుర్తింపులన్నీ మారిపోతాయి.

కనుక పాత టార్‌బాల్ ఎక్కించేవాళ్లు అందులోని పేర్ల జాబితాను గిట్‌లో చేరిన పేర్లతో పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. తెలుగు పేర్లున్న ఫైళ్లను జీఎన్యూ టార్‌తో మూటకట్టేవాళ్లు ఫార్మాట్‌గా పోసిక్స్‌ను, అంటే పైన చెప్పిన పాక్స్ పద్ధతిని ఎంచుకోండి.