కృష్ణ ఒడ్డున అడిగిన ప్రశ్న

బెజవాడలో హేతువాద చరిత్ర రాసేవాళ్లు ఎక్కడ మొదలుపెడతారో మనకు తెలుసు. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' దగ్గరో, 1940లో గోరా ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం దగ్గరో మొదలుపెడతారు. ఇద్దరూ పెద్దవాళ్లే, వాళ్ల పని చిన్నదేం కాదు. అయితే ఈ లెక్కలో ప్రశ్న అనేది అగ్రహారంలోనో, భూమి ఉన్న ఇంట్లోనో పుట్టి వాడకు దిగివచ్చినట్టుంటుంది. వాడలో ఉన్నది గుడ్డి నమ్మకమనీ, వెలుగు బయటి నుంచి వచ్చిందనీ అర్థం. ఈ వరస తప్పని మేం అంటున్నాం. గోరా పుట్టడానికి నలభై ఏళ్ల ముందే ఈ డెల్టాలో ఒక మాల మనిషి దేవుణ్ణి నిలదీసి అడిగాడు.

1859లో బెజవాడలో ఉన్న సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్ దగ్గరికి రాఘవాపురం నుంచి పాగోలు వెంకయ్య వచ్చాడు. మిషన్ చరిత్రల్లో ఈయన మాలల్లో తొలి ఫలం. ఫలం అంటే చెట్టు ఇంకెవరో నాటినట్టు గదా! కానీ ఆ చరిత్రలే చెప్పే కథ వేరుగా ఉంది. అంతకు సుమారు పదేళ్ల కిందట, విగ్రహాలు దేవుళ్లు కావట అన్న మాట ఒకటి వెంకయ్య చెవిన పడింది. దొర నోట నేరుగా విన్నది కాదది, తెలిసినవాడు మోసుకొచ్చిన కబురు. ఆ ఒక్క మాటతో ఆయన మొక్కడం మానేశాడు. మానేసి ఊరుకోలేదు. నువ్వెవరివి, ఎక్కడున్నావు, కనబడు అని పేరు తెలియని దేవుణ్ణి అడుగుతూ వచ్చాడు.

పదేళ్లు! పాతది వదిలేశాడు, కొత్తది దొరకలేదు. వాడంతా పోలేరమ్మ కొలుపుకు కదిలే చోట అలా మధ్యలో నిలబడటం ఏమంత తేలిక? మశూచి వచ్చినా, వాన రాకపోయినా ముందు వేలు చూపేది మొక్కు మానినవాడి మీదే. మిషన్ రాతల్లో ఈ పదేళ్లు రెండు మూడు వాక్యాల్లో అయిపోతాయి. మాకు మాత్రం అసలు చరిత్ర అక్కడే ఉంది.

చివరికి పుణ్యస్నానాల రోజున బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఒక బ్రాహ్మణుడితో వాదం పడింది. నదికి మొక్కనన్నాడు వెంకయ్య. ఇలాంటి మాటలే చెప్పే దొర ఒకడు ఊళ్లో ఉన్నాడు, పో అక్కడికి అన్నాడట ఆ బ్రాహ్మణుడు. (వాడకు మిషన్ దారి చూపించిందెవరో మతమార్పిడుల మీద ఉపన్యాసాలిచ్చే పెద్దలు గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.) డార్లింగ్ చెప్పింది విని, ఇన్నాళ్లూ నేను వెతుకుతున్నది ఈయన్నే అన్నాడట వెంకయ్య. ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు. కుటుంబమూ, వాడ మనుషులూ ఆయన వెంట నడిచారు.

మిషన్ ఈయన కోసం కాచుక్కూర్చోలేదు. 1841లో మచిలీపట్నం వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టింది పై కులాల పిల్లల కోసం. బ్రాహ్మణుడు మారితే కిందివాళ్లు వాళ్లే వస్తారని లెక్క. వాడ ఆ లెక్కను తలకిందులు చేసింది.

ఇక 'గంజి కోసం మతం మారారు' అన్న నింద. దీనికి చూపించేది 1876-78 కరువు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ, కరువు సాయం నడిచిన కాలమంతా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. వెంకయ్య నాటికి ఆ కరువు ఇంకా పదిహేడేళ్ల దూరం. ఆకలి లేదని మేం అనడం లేదు. 1855కి ఆనకట్ట పూర్తయి కృష్ణ నీళ్లు కాలవల్లోకొచ్చాయి. ఆ నీళ్లు పారిన పొలం మాలదీ కాదు, మాదిగదీ కాదు. ఆకలి ఉంది. ఆకలి ఉన్నవాడికి ఆలోచన ఉండదని ఎవరు చెప్పారు?

చర్చిలోకి వెళ్లాక ప్రశ్న ఆగిందా అంటే ఆగలేదు. మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి అయిన ఊళ్లున్నాయి. పై కులాల క్రైస్తవులు వాడవాళ్ల పక్కన కూర్చోని చోట్లూ ఉన్నాయి. క్రీస్తులో కులం లేదంటే మరి ఇదేమిటన్న అడుగు ఇంకా తీరలేదు. వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. మనిషి అడుగుపెట్టలేని గుడిలోకి గబ్బిలం పోగలదు గనక దాని చేత శివుడికి కబురంపించాడు.

బెజవాడ అడిగిన పెద్ద ప్రశ్న 1917 నవంబరు నాటిది. పంచముల మహాసభకు హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడిగా వచ్చాడు. పంచముడంటే అయిదోవాడు. నాలుగు వర్ణాల లెక్క ఒప్పుకుంటేనే అయిదో అంకె ఉంటుంది. ఆ లెక్కే మాకొద్దు, మేం ఈ నేల తొలి మనుషులం, ఆది ఆంధ్రులం అన్నది సభ. సభ జరిగిన రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. వచ్చినవాళ్లు కొండెక్కుతారని భయం. అమ్మవారి మహిమ మీద నిండు నమ్మకం ఉన్నవాళ్లు తాళం ఎందుకు వేస్తారు? మహిషుణ్ణి చంపిన తల్లి మాల మాదిగల నీడకు మైలపడుతుందా? ఆ రోజుల్లో అసలు సందేహం గుడివాళ్లదేనని మాకనిపిస్తుంది.

గోరా సంగతికొద్దాం. నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. వాడవాళ్లతో కలిసి తిన్నాడు. 1947లో కేంద్రాన్ని పటమటకు మార్చాడు. కూతురు మనోరమకూ, దళితుడైన అర్జునరావుకూ పెళ్లి 1948 మార్చి 13న సేవాగ్రాంలో జరిగింది. దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి ఒప్పుకున్న గాంధీ అప్పటికే హత్యకు గురయ్యాడు. వాడ మాత్రం ఎక్కువగా గోరా దారిన పోలేదు. దేవుడు లేడనడం కంటే, మమ్మల్ని ముట్టుకోనివాడు దేవుడెట్లా అవుతాడని అడిగింది. హేతువాదులకిది సగం దారిలో ఆగినట్టు కనబడుతుంది. కులం దేవుడి పేరు మీద నడిచే చోట, ఏ దేవుడు అని అడగడం కులాన్ని అడగడమే.

ఈ ప్రశ్నకు రాజ్యం వెల కట్టింది. హిందూ మతం కాక వేరే మతం చెప్పుకునేవాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవుడైన మాలా మాదిగా ఆంధ్రలో బి.సి.-సి, ఒక్క శాతం. ఉత్తర్వు మాటలు జాగ్రత్తగా చదివితే, దేవుడే లేడన్న దళితుడికి దానితో పేచీ లేదు, అతను వేరే మతం చెప్పుకోలేదు గదా. పదేళ్లు వెతికి పట్టుకున్నానన్న వెంకయ్యకైతే సర్టిఫికెట్ రాదు. అందుకే మన వాడల్లో ఆదివారం చర్చికి పోయే పిల్లవాడు బడి రిజిస్టరులో హిందువు. పేరు ఏసురత్నం అయితే, ఆఫీసులో కాగితం రెండోసారి తిప్పి చూస్తారు.