హాస్యం పక్కన రాజకీయం నిలబడ్డ రాత్రులు

రాత్రి భోజనాలయ్యాక జనాన్ని నవ్వించే టీవీ కార్యక్రమాలకు కాలం చెల్లిందన్న మాట ఇప్పుడు చాలాచోట్ల వినిపిస్తోంది. అమెరికాలో 1993లో మొదలైన ‘లేట్ షో’ను 2026 మేలో ఆపేస్తామని సీబీఎస్ సంస్థ 2025 జూలైలో ప్రకటించింది. కారణం డబ్బు లెక్కలేనని చెప్పుకుంది. మన దగ్గర 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ను కూడా మర్నాడు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూడడం అలవాటైపోయింది. తప్పంతా ఫోన్‌దేనని తేల్చేయడం తేలిక. కృష్ణా డెల్టాలో రాత్రి హాస్యానికి ఉన్న చరిత్రను తిరగేస్తే నాకు వేరే కారణం కనబడుతోంది. ఇక్కడ హాస్యం ఎన్నోసార్లు వేదిక మార్చుకుంది, మార్చుకున్న ప్రతిసారీ బతికింది. దాని పక్కనుంచి రాజకీయాన్ని తప్పించినప్పుడే నీరసపడింది.

ఈ రెండింటి పొత్తు పాతదే. 16వ శతాబ్ది మొదట్లో కూచిపూడి భాగవతులు విజయనగరం వెళ్ళి, సిద్ధవటం సీమను పాలించే సంబెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్ళను ఎంత హింసిస్తున్నాడో వీరనరసింహరాయల ఎదుట వేషం కట్టి చూపించారని మాచుపల్లి కైఫీయత్తు చెబుతుంది. అది చూసిన రాయలు గురవరాజు మీదికి సైన్యాన్ని పంపాడట. కైఫీయత్తుల్లోని ప్రతి అక్షరాన్నీ చరిత్రగా తీసుకోనక్కర్లేదు. వేషగాళ్ళు ఏలికను నిలదీయగలరని జనం నమ్మారు, ఆ నమ్మకాన్ని రాసి దాచుకున్నారు. అది చాలు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క రామరావణ యుద్ధం మధ్యలోనే దూరి ఊరి సంగతులు మాట్లాడేవారు. కథ ఎంత పెద్దదైనా వాళ్ళ రాకకు అడ్డు లేదు.

ఈ పొత్తుకు ఒక కొలత, ఒక క్రమం ఇచ్చింది బుర్రకథ. నడుమ కథకుడు తంబురా భుజాన వేసుకుని, బొటనవేలి అందెను తాళంగా మోగిస్తూ, కాలిగజ్జెలతో ముందుకూ వెనక్కీ అడుగులేస్తూ కథ నడుపుతాడు. అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. వాళ్ళలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథలో రాజు పన్ను పెంచాడనుకోండి. హాస్యపు వంత అమాయకంగా మొహం పెట్టి, “ఆ రాజుగారు మన కరణంగారికి ఏమవుతారండీ?” అంటాడు. జనం గొల్లుమంటారు. ఆ నవ్వు తగ్గకముందే రాజకీయపు వంత అందుకుని ఈ ఏటి శిస్తెంత, ధాన్యం ధరెంత, కూలివాడి చేతికి వచ్చిందెంత అని లెక్క తీస్తాడు. కథకుడు ఇద్దరినీ ఆపి ‘తందాన తాన’తో మళ్ళీ కథలోకి లాగుతాడు. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కటి తీసేసినా ఆట నిలవదు. కథ ఒక్కటే అయితే పొద్దంతా పొలంలో నడుం వంచినవాడు కూర్చున్నచోటే నిద్రపోతాడు. రాజకీయం ఒక్కటే అయితే ఉపన్యాసం. హాస్యం ఒక్కటే అయితే అరగంటకే సరుకు నిండుకుంటుంది.

జంగం కథగా, తందాన కథగా ఊరూరా తిరిగిన ఈ కళ 1942 ప్రాంతంలో గుంటూరు జిల్లాలో కమ్యూనిస్టు యువకుల చేతుల్లో బుర్రకథ అన్న పేరుతో కొత్తగా తయారైంది. మరుసటి ఏడు పుట్టిన ప్రజానాట్యమండలి దాన్ని డెల్టా అంతటా తిప్పింది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్నీ అల్లూరి సీతారామరాజునూ చెప్పిన గొంతుతోనే బెంగాల్ కరువునూ చెప్పాడు. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ రాశాడు. మోటూరు ఉదయం మహిళా దళం నడిపింది. ఆడవాళ్ళు గజ్జె కట్టి నడివీధిలో దొరలను ఎగతాళి చేయడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. మద్రాసు ప్రభుత్వమూ నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. ఉత్త వినోదమే అయితే ఏ సర్కారూ దాని జోలికి వెళ్ళేది కాదు.

అది పార్టీ ప్రచారమే కదా, అందులో గొప్పేముంది అని అడగొచ్చు. ఆ మాటలో నిజం ఉంది. ఆ దళాల హాస్యం ఎదుటివాళ్ళ మీదికే వెళ్ళింది, సొంత నాయకుల దాకా రాలేదు. అది లోపమే. అయితే తర్వాత జరిగింది కూడా చూడాలి. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలు అదే బుర్రకథను కుటుంబ నియంత్రణకూ పథకాల ప్రచారానికీ వాడుకున్నాయి. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి దాన్ని ఇంటింటికీ చేర్చింది, ఆ మేలు మరువలేనిది. కానీ రాజకీయపు వంత చేతికి ప్రశ్నకు బదులు ప్రకటన వచ్చింది. పార్టీ ప్రచారంలో కనీసం అధికారాన్ని ఎదిరించే తెగువ ఉండేది. సర్కారు ప్రచారంలో అదీ పోయింది. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చేనాటికి బుర్రకథ సన్మానాలు అందుకునే కళగా మిగిలింది.

టీవీ వచ్చాక వంతలిద్దరూ పూర్తిగా విడిపోయారు. హాస్యం స్కిట్లకు పోయింది, రాజకీయం రాత్రి చర్చలకు పోయింది. చర్చల్లో నవ్వు లేదు, అరుపులున్నాయి. స్కిట్లలో మొగుడూపెళ్ళాల కీచులాట, సినిమా పేరడీ, ఒంటి రంగు మీద, లావు మీద జోకులు. ‘జబర్దస్త్’ జడ్జి కుర్చీల్లో ఏళ్ళ తరబడి కూర్చున్న రోజా, నాగబాబు ఇద్దరూ రాజకీయాల్లో ఉన్నవాళ్ళే. అయినా ఆ వేదిక మీద రాజకీయపు వంతకు దొరికిన చోటు బహు తక్కువ. సత్యభామ వేషం కట్టిన మగవాడికి కూచిపూడి పట్టం కట్టింది. స్కిట్లలో ఆడవేషం చాలాసార్లు చెంపదెబ్బ తినడానికే మిగిలింది. ఆ నటుల ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళకిచ్చిన పని చిన్నది.

అలసిపోయి ఇంటికొచ్చినవాడికి నవ్వు కావాలి గానీ రాజకీయం ఎందుకంటారు. కోతల కాలంలో రాత్రంతా కూర్చుని బుర్రకథ విన్న కూలీలు అంతకంటే తక్కువ అలసిపోయారా? తెలంగాణలో వీ6 ఛానల్ ‘తీన్మార్ వార్తలు’ ఊరి భాషలో వార్తనూ వెటకారాన్నీ కలిపి చెబితే జనం రాత్రి పని కట్టుకుని చూశారు. ఆకలి ఉందనడానికి అదే సాక్ష్యం. ఇక ఫోన్ సంగతి. వంతల మాటామంతీతో చిన్నచిన్న ఘట్టాలుగా తెగేదే బుర్రకథ. రెండు మూడు నిమిషాల ముక్కకు అంతకంటే అనువైన మూస మన దగ్గర మరొకటి లేదు. అసలు అడ్డంకి భయం. ఛానళ్ళలో చాలావాటికి ఏదో ఒక పార్టీ ముద్ర ఉంది. నవ్వు తమవైపు తిరుగుతుందేమోనన్న బెదురు అన్ని వైపులా ఉంది.

విజయవాడలోనూ పరిసరాల్లోనూ మిమిక్రీ చేసే కుర్రవాళ్ళున్నారు, గుమ్మెట పట్టగల చేతులు కొన్ని ఇంకా ఉన్నాయి. వాళ్ళనూ వీళ్ళనూ ఒక వేదిక ఎక్కించి, ఏ పార్టీనీ వదలొద్దని చెప్పి, ఒక్క ఏడాది పాటు వారానికో రాత్రి ఇవ్వండని ఛానళ్ళ వాళ్ళను కోరుతున్నాను. వాళ్ళు ఇవ్వకపోతే ఆ కుర్రవాళ్ళే ఫోన్ నిలబెట్టి మొదలుపెట్టాలి.