కళాశాల చదువులో తొలి ఏటి సహవాసం

మన మేత్రాసన చరిత్రను వ్రాయబూనినవారు సాధారణంగా దేవాలయాలు కట్టిన సంవత్సరాలు, బడులు తెరిచిన సంవత్సరాలు, ఆసుపత్రులకు శంకుస్థాపన జరిగిన తేదీలు వరుసగా చెప్పుకొనిపోతారు. అది అవసరమే. అయితే విశ్వాసుల కుటుంబాల చరిత్ర అంతా శిలాఫలకాల మీద దొరకదు. నెల్లూరు కోస్తాలో ఎన్నో ఇళ్ల బ్రతుకు ఏ దారిన నడిచేదీ ఒకే ఒక సంవత్సరంలో తేలిపోయింది. ఆ ఇంటినుండి మొట్టమొదట కళాశాల గడప తొక్కిన బిడ్డ అక్కడ గడిపిన తొలి ఏడు అది. ఆ ఏడు నిలదొక్కుకున్న బిడ్డ ఉపాధ్యాయుడో, నర్సో, గుమాస్తానో, గురువో అయి తమ్ముళ్లను, చెల్లెళ్లను వెంట తీసుకుపోయాడు. నిలవలేకపోయినవాడు సంక్రాంతికి ఇంటికి వచ్చి మరల వెళ్లలేదు. ఈ ఇద్దరి మధ్య భేదం తెలివితేటలలో ఉన్నదని నేను అనుకోను.

నెల్లూరు మేత్రాసనం 1928 జూలై 3న మద్రాసు అగ్రమేత్రాసనం నుండి వేరుపడి ఏర్పడింది. 1940లో గుంటూరు మన నుండి విడివడి వేరు మేత్రాసనమయింది. మిల్ హిల్ సభ గురువులు 1875 నుండి ఈ తెలుగు ప్రాంతంలో పనిచేస్తూ ఉన్నారు. తొలి మేత్రాణులు మహా పూజ్య విలియం బౌటర్ గారు ఆ సభకు చెందినవారే. 1929లో బాధ్యత స్వీకరించి 1970 వరకు, నలభై ఏళ్లకు పైగా ఈ మందను కాచారు. ఆ కాలంలో పల్లెలో ఉపదేశి నడిపే చిన్న బడి, విచారణ కేంద్రంలో పెద్ద బడి, దానికి ఆనుకొని బోర్డింగు అన్నది మనకు అలవాటైన ఏర్పాటు. కోట, వాకాడు, అల్లూరు, ముత్తుకూరు వైపు పల్లెలలో మడికయ్యలలో కూలి చేసుకొనే తల్లిదండ్రులు పిల్లవాణ్ణి బోర్డింగులో దిగవిడిచి, ఇక స్వాములవారే చూసుకుంటారని నమ్మి వెళ్లేవారు. బోర్డింగులో కష్టం లేదని కాదు. గంట కొడితే లేవాలి, గంట కొడితే చదవాలి. కానీ అక్కడ ఒంటరితనం లేదు. ప్రక్క చాప మీది పిల్లవాడు కూడా అలాంటి ఊరినుండి వచ్చినవాడే.

హైస్కూలు పూర్తయిన తరువాతనే చిక్కు. నెల్లూరులో 1920లో ఏర్పడిన వి.ఆర్. కళాశాల ఉన్నది. 1951లో కావలిలో జవహర్ భారతి వచ్చింది. కతోలిక కళాశాలే కావాలనుకుంటే మద్రాసు పోవాలి. అక్కడ 1925లో యేసుసభ గురువు ఫాదర్ ఫ్రాన్సిస్ బెర్ట్రాం స్థాపించిన లొయోలా కళాశాల ఉన్నది. ఇంకా దక్షిణాన తిరుచిరాపల్లిలో అంతకన్న పాతదైన సెయింట్ జోసఫ్స్ ఉన్నది. నెల్లూరు నుండి మద్రాసుకు రైలులో 175 కిలోమీటర్లు. దూరం పెద్దది కాదు. కానీ రైలు దిగిన కుర్రవాడికి భాష వేరు, కూడు వేరు, పాఠం ఇంగ్లీషులో.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. అదే సంవత్సరం డిసెంబరులో, తెలుగు ప్రాంతపు మేత్రాణుల కోరికపై యేసుసభవారు విజయవాడలో ఆంధ్ర లొయోలా కళాశాలకు పునాది వేశారు. 1954లో తరగతులు మొదలైనాయి. గుణదల మరియమాత తిరునాళ్లకు ఏటా ఫిబ్రవరిలో వెళ్లే మనవారికి ఆ చోటు కొత్త కాదు. కొండకు మ్రొక్కి వస్తూ, కొడుకు చదవబోయే కట్టడాన్ని కంటితో చూసివచ్చిన తల్లులు ఉండే ఉంటారు. ఒక కళాశాల మీద నమ్మకం ఏర్పడటానికి ఇలాంటివి కూడా పనిచేస్తాయి.

తొలి ఏడు ఎందుకు అంత కష్టమైనదో నేటి పిల్లలకు కొంచెం విడమరచి చెప్పాలి. 1956 తరువాత విశ్వవిద్యాలయాలు పాత రెండేళ్ల ఇంటర్మీడియట్‌ను తీసివేసి, ఒక్క ఏటి ప్రీ యూనివర్సిటీ తరగతిని, దానిపైన మూడేళ్ల డిగ్రీని ప్రవేశపెట్టాయి. వాడుకలో పి.యు.సి. అన్నది ఇదే. తెలుగులో చదివి ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కిన పిల్లవాడు జూలైలో చేరితే, మార్చి నాటికి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు ఇంగ్లీషులో వ్రాసి మెప్పించాలి. భాష చెవికి పట్టేసరికే దసరా సెలవులు వచ్చేవి. తప్పు దిద్దుకోవడానికి రెండవ ఏడు అంటూ లేదు.

దానికితోడు డబ్బు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. కనుక ఆ స్కాలర్‌షిప్పూ లేదు. 1970లో మన రాష్ట్రం వారిని వెనుకబడిన తరగతులలో సి గ్రూపుగా చేర్చింది. 1977లో రాష్ట్ర ప్రభుత్వం తన చేతిలో ఉన్న కొన్ని రాయితీలను వారికి విస్తరింపజేసింది. అంటే మొదటి తరం వారు ఈ రెండింటికీ ముందే చదువుకున్నారన్నమాట. ఇంటినుండి మొలగొలుకుల బియ్యం తెచ్చుకొనే స్థోమత గల కుర్రవాడూ, విచారణ గురువు వ్రాసిచ్చిన ఉత్తరమొక్కటే ఆస్తిగా వచ్చిన కుర్రవాడూ ఒకే బల్ల మీద కూర్చోవాలి. ఇక మన తీరానికి తుఫాను ఉండనే ఉన్నది. 1984 నవంబరులో దుగరాజపట్నం దగ్గర తీరం దాటిన తుఫాను వంటిది వచ్చిందంటే, పంటతోపాటు పరీక్ష ఫీజు కూడా కొట్టుకుపోయినట్లే.

ఇట్టి పిల్లలను నిలబెట్టే పని యేసుసభవారికి కొత్తది కాదు. ఆ సభ గృహస్థుల పిల్లల కోసం తొలి కళాశాలను 1548లో సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో తెరిచింది. 1599లో వారి విద్యా విధానమంతా ఒక పుస్తకంగా వెలువడింది. దానిపేరు రేషియో స్టుడియోరుం. అందులో ఒక పద్ధతి ఉన్నది. తరగతిని పదిమంది చొప్పున చిన్న జట్లుగా విడదీస్తారు. ప్రతి జట్టుకూ విద్యార్థులలోనుండే ఒక నాయకుడు. ఉపాధ్యాయుడు రాకముందే అతడు తన జట్టువారి పాఠం అప్పచెప్పించుకోవాలి. మన వీధిబడిలో పెద్ద పిల్లవాడు చిన్న పిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్లే. అందుచేత ఇది మనకు మరీ పరాయిది అనిపించదు. 1563లో రోమునగర కళాశాలలో జాన్ లెయూనిస్ అనే యువ గురువు విద్యార్థులను కూడగట్టి మరియమాత పేరిట ఒక సంఘం పెట్టాడు. చదువు, ప్రార్థన, పేదల సేవ కలిసి చేయడం దాని నియమం. ఆ సంఘం ప్రపంచమంతా పాకింది. 1967లో క్రైస్తవ జీవన సంఘమన్న కొత్తపేరు తీసుకున్నది.

ఈ ఆనవాయితీ మన కళాశాలలకు హాస్టలు రూపంలో చేరింది. హాస్టలు అంటే భోజనమూ పడకా అని చాలామంది తల్లిదండ్రుల లెక్క. నా దృష్టిలో దాని ప్రాణం సాయంత్రపు చదువు గంట. ఒకే తరగతివారు ఒకే వరండాలో ఉంటారు. ఒకే పాఠం మీద తలలు బద్దలు కొట్టుకుంటారు. ప్రొద్దున తరగతిలో ఇంగ్లీషులో విని అర్థంకానిది రాత్రి ప్రక్కవాడు తెలుగులో చెబితే బుర్రకెక్కుతుంది. చెప్పినవాడికి మరింత బాగా ఎక్కుతుంది. మధ్యలో వార్డెను ఫాదరు చప్పుడు కాకుండా వచ్చి నిలబడటం వేరే సంగతి! సీనియర్లు పాత నోట్సు ఇచ్చేవారు, చొక్కా ఇచ్చేవారు, ఇంటిమీద బెంగపెట్టుకొన్నవాణ్ణి ఆదివారం పూజ తరువాత ఊళ్లోకి తీసుకుపోయేవారు. ర్యాగింగు అనే పాడు అలవాటు దీనికి సరిగ్గా తలక్రిందులు. అక్కడ కూడా పెద్దవాడు చిన్నవాణ్ణి వెతుక్కుంటూ వస్తాడు, ఏడిపించడానికి. దాన్ని ఆపడానికి మన రాష్ట్రంలో 1997లో చట్టమే చేయవలసి వచ్చింది.

కళాశాల గోడల మధ్యనే ఈ సహవాసం ఆగిపోలేదు. అఖిల భారత కతోలిక విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాఖ్య, అంటే మనమందరం అయికఫ్ అని పిలిచేది, 1924లో మద్రాసు రాష్ట్రంలో పుట్టింది. 1950, 60 దశకాలలో దానికి గురువుగా ఉన్న ఫ్రెంచి దేశస్థుడు ఫాదర్ పియర్ సేరాక్ విద్యార్థులను శిబిరాల పేరుతో పల్లెలకు నడిపించారు. పల్లెనుండి వచ్చిన కుర్రవాడికి ఇదొక ఊరట. తరగతిలో ఇంగ్లీషు రాక తల వంచుకొన్నవాడే, శిబిరంలో పార పట్టడం తెలిసినవాడై పట్నపు పిల్లలకు నేర్పేవాడు.

ఆడపిల్లల సంగతి ఆలస్యంగానే వచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి. 1904లో హాలెండు నుండి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. కన్యస్త్రీలు 1953లో ఏలూరులో సెయింట్ థెరిసా కళాశాలను, 1963లో తెనాలిలో మరొక కళాశాలను నెలకొల్పారు. ఫ్రాన్సిస్కన్ మేరీ మిషనరీ కన్యస్త్రీలు 1947లో మద్రాసులో స్టెల్లా మారిస్, 1962లో విజయవాడలో మారిస్ స్టెల్లా కళాశాలలు తెరిచారు. ఇవన్నీ మన జిల్లాకు వెలుపలివే. కొడుకును 250 కిలోమీటర్లు పంపడానికి సిద్ధపడిన తండ్రి కూతురి విషయంలో వెనుకాడేవాడు. సిస్టర్ల హాస్టలు అన్న మాట వినబడితేనే సరేననేవాడు. కనుక అమ్మాయిలకు ఆ సహవాసం చదువులో సాయం మాత్రమే కాదు, ఇల్లు దాటడానికి అనుమతిపత్రం కూడా.

1969-70లో మన రాష్ట్రం పి.యు.సి. తీసివేసి రెండేళ్ల ఇంటర్మీడియట్ పెట్టింది. తెలుగు మాధ్యమం కూడా వచ్చింది. దాని పాఠ్యపుస్తకాల కోసం 1968లోనే తెలుగు అకాడమి ఏర్పడింది. జూనియరు కళాశాలలు చిన్న పట్టణాలకు చేరినాయి. పేదపిల్లలకు ఇది నిజమైన మేలు. ఎవరూ కాదనలేరు. అయితే బస్సులో వచ్చి బస్సులో పోయే పిల్లవాడికి సాయంత్రపు చదువు గంట పోయింది. తరువాతి దశకాలలో ర్యాంకుల కోసం వెలసిన కార్పొరేటు కళాశాలలలో హాస్టళ్లున్నాయి, చదువు గంటలు మునుపటికన్న ఎక్కువే ఉన్నాయి. కానీ వారంవారం మార్కులను బట్టి సెక్షన్లు మార్చే చోట ప్రక్కవాడు పోటీదారుడు. వాడికి పాఠం చెబితే తన స్థానం జారుతుందని పదహారేళ్లకే నేర్చుకొంటున్నారు. పది గదులలో పదిమంది ఉన్నట్లే, ఒకే గదిలో పదిమంది ఒంటరిగా ఉండవచ్చునని అక్కడ తెలుస్తుంది.

చిత్రమేమంటే, మనం వదులుకొన్నదానిని ఇతర దేశాలవారు కొత్తపేరుతో చేపట్టారు. అమెరికాలో అలెగ్జాండర్ మైకిల్‌జాన్ అనే ఆచార్యుడు 1927 నుండి 1932 వరకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులూ అధ్యాపకులూ ఒకేచోట ఉండి ఒకే విషయాన్ని కలిసి చదివే ప్రయోగాత్మక కళాశాల నడిపాడు. నోటర్ డాం కతోలిక విశ్వవిద్యాలయం 1962లో తొలి ఏటి విద్యార్థుల కోసమే ఒక విభాగం పెట్టింది. 1987లో విన్సెంట్ టింటో అనే సామాజిక శాస్త్రజ్ఞుడు, చదువు మానేవారిలో చాలామంది తెలివిలేక కాదు, ఆ చోటుకు తాము చెందామన్న భావం కలగక మానేస్తున్నారని ఒక గ్రంథం వ్రాశాడు. తరువాత అక్కడి కతోలిక విశ్వవిద్యాలయాలలో కూడా, తొలి ఏటి విద్యార్థులను చిన్న బృందాలుగా చేర్చి, రెండు మూడు పాఠాలు కలిసి చదివించి, ఒకే వసతిగృహంలో ఉంచడం వ్యాపించింది. మన దేశంలో యు.జి.సి. 2019లో దీక్షారంభ్ పేరిట అలాంటి సూచనలే ఇచ్చింది. కొత్త విద్యార్థులను చిన్న బృందాలు చేసి, ఒక్కొక్క బృందానికి ఒక అధ్యాపకుణ్ణి మార్గదర్శిగా ఉంచాలని దాని సారాంశం. కాగితం మీద బాగున్నది. కొన్నాళ్ల ప్రారంభోత్సవంతో ముగిసిపోతే మాత్రం పి.యు.సి. కుర్రవాడి దసరా లోపలి కష్టం కూడా తీరదు.

మన విచారణల పుస్తకాలలో జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, వివాహం, మరణం తప్పక నమోదవుతాయి. ఎవరు ఏ ఏట కళాశాలకు వెళ్లారో, ఎవరు సగంలో తిరిగి వచ్చారో వ్రాసే పుస్తకం లేదు. పి.యు.సి. చదివిన తొలి తరంవారు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు దాటినవారు. ఈ నూరేళ్ల సందర్భంలో విచారణ యువజనులు వారి ఇళ్లకు వెళ్లి, ఏ కళాశాల, ఏ సంవత్సరం, ఆ తొలి ఏడు ప్రక్కన కూర్చొని పాఠం చెప్పినది ఎవరు అని అడిగి వ్రాసుకోవచ్చును. సగంలో తిరిగి వచ్చినవారిని కూడా అడగాలి. వారి ఇళ్లు మనకు తెలిసినవే.