స్మూతీ: కోలారు సీమలో పూర్వాపరాలు

స్మూతీ అంటే పండ్లు, కూరగాయలు, ఆకుకూరల్లో రెండు మూడింటిని పెరుగుతోనో పాలతోనో నీళ్లతోనో కలిపి, మెత్తగా తిప్పి, వడకట్టకుండా తాగే చిక్కని పానీయం. ఈ నిర్వచనంలో కీలకమైన మాట 'వడకట్టకుండా' అన్నదే. రసం పిండుకుని పిప్పి పారేస్తే అది జ్యూసు. పిప్పి కూడా గ్లాసులోకి వస్తే స్మూతీ. పేరు అమెరికాది, యంత్రమూ అక్కడిదే కాబట్టి దీన్ని నగరాల జిమ్ముల వెంట వచ్చిన కొత్త అలవాటుగా చూడడం పరిపాటి. కర్ణాటక తూర్పు అంచున, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులను ఆనుకుని, తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు విస్తారంగా నివసించే కోలారు జిల్లా వంటకాలను చూస్తే ఆ అభిప్రాయం సగమే నిజమని తెలుస్తుంది. ఇక్కడికి కొత్తగా వచ్చింది మిక్సీ బ్లేడు. ధాన్యాన్నీ పండునూ పీచుతో సహా చిక్కగా చేసుకుని తాగే పద్ధతి అంతకు ముందునుంచీ ఉంది. ఇంటి స్మూతీ ఒంటికి మేలు చేస్తుందా లేదా అన్నది కూడా, దాన్ని జ్యూసు దుకాణం వరుసలో చేస్తున్నామా, అంబలికుండ వరుసలో చేస్తున్నామా అన్నదాన్ని బట్టే తేలుతుంది.

పేరు, యంత్రం

పాత్ర అడుగున బ్లేడు తిరిగే యంత్రాన్ని 1922లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్టీఫెన్ పోప్లావ్‌స్కీ రూపొందించాడు. సోడా దుకాణాల్లో మాల్టు కలిపిన పాలపానీయాలు చేయడం దాని తొలి పని. 1937లో సంగీత బృంద నాయకుడు ఫ్రెడ్ వారింగ్ పేరుతో అలాంటి యంత్రం మార్కెట్లోకి వచ్చి ప్రాచుర్యం పొందింది. 1973లో లూసియానాలో స్టీవ్ కూనౌ ప్రారంభించిన 'స్మూతీ కింగ్' దుకాణంతో ఈ పానీయం ఆరోగ్యం పేరిట అమ్ముడయ్యే సరుకైంది. భారతదేశంలో యంత్రం నడిచిన దారి వేరు. విదేశీ మిక్సర్ మోటారు మన పప్పులు, మసాలాలు రుబ్బలేక కాలిపోతుండడం చూసిన ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ 1963లో 'సుమీత్' మిక్సీని తయారు చేశాడు. అంటే అమెరికా బ్లెండరు సోడా దుకాణంలో పుడితే, మన మిక్సీ రుబ్బురోలుకు బదులుగా పుట్టింది. ఈ తేడా చిన్నదేమీ కాదు. రుబ్బురోలు దేన్నీ వడకట్టదు. లోపల వేసినదంతా పిండిలోనే ఉంటుంది. స్మూతీకి కావలసిన గుణమూ అదే.

అంబలి, పేలపిండి, శీకరణి

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. వాన చెరువుల్లో నిలవాలి, లేదా బోర్లలోంచి నీళ్లు తోడుకోవాలి. అలాంటి మెట్టనేలలో రాగి ప్రధాన ఆహారం కావడం సహజం. రాగిసంగటి పూట భోజనమైతే, అంబలి ఎండాకాలపు పానీయం. రాగిపిండిని ఉడికించి, రాత్రంతా పులియనిచ్చి, పొద్దున మజ్జిగ పోసి, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ వేసి తాగుతారు. 100 గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకం పాలలో ఉండేదానికి ఇది రెండింతలకు పైమాటే. పులియబెట్టడం వల్ల ధాన్యంలోని ఫైటేట్లు తగ్గి, ఇనుము ఒంటికి పట్టడం తేలికవుతుంది. రాగులను వేయించి పేలాలు చేసి విసిరిన పేలపిండిని కన్నడంలో హురిహిట్టు అంటారు. బెల్లం, పాలు కలిపితే అది మరో చిక్కని పానీయం. మామిడి కాలంలో గుజ్జును పాలతో కలిపి చేసే శీకరణి ఉంది. శ్రీరామనవమికి కన్నడ ఇళ్లలో వెలగపండు గుజ్జును బెల్లంతో పిసికి పానకం చేసే ఆచారమూ ఉంది. వీటిలో ఏదీ స్మూతీ పేరుతో చెలామణి కాలేదు. అయినా నాలుగింటిలోనూ ఒక లక్షణం సమానం: తినదగినదాన్ని దాదాపు ఏమీ పారేయరు. తెలుగునాట బెల్లం నీళ్లలో మిరియాలు, యాలకులు వేసి చేసే పానకం మాత్రం ఈ కోవలోకి రాదు. అందులో పీచు లేదు, అది తియ్యని నీరు. ఈ తేడాను గుర్తిస్తేనే ఏ పాత పానీయం స్మూతీకి బంధువో, ఏది జ్యూసుకు బంధువో తెలుస్తుంది.

గనులు, కరెంటు, మిక్సీ

మిక్సీ తిరగాలంటే కరెంటు కావాలి. ఆ విషయంలో కోలారు బంగారు గనుల ప్రాంతం దేశంలో ముందు వరుసలో నిలిచింది. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఆధ్వర్యంలో సాగిన గనుల కోసం, 1902లో శివనసముద్రం దగ్గర కావేరి జలపాతంపై కట్టిన విద్యుత్కేంద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చారు. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ సరఫరా లైన్లలో అదొకటి. బెంగళూరు వీధుల్లో 1905లో దీపాలు వెలగడానికి మూడేళ్ల ముందే ఛాంపియన్ రీఫ్ గని యంత్రాలకు విద్యుత్తు అందింది. కానీ ఆ కరెంటు రాయిని పగలగొట్టడానికి వచ్చింది, పప్పు రుబ్బడానికి కాదు. తీగ వచ్చిన 61 ఏళ్లకు గానీ దేశంలో సుమీత్ మిక్సీ పుట్టలేదు. యంత్రం చేరినంత మాత్రాన తిండి మారదని ఈ 61 ఏళ్లు చెబుతున్నాయి. వంటింటి పనికి సరిపోయే యంత్రం, దాన్ని కొనగల ఆదాయం, అందులో వేయడానికి పండ్లూ కూరలూ కూడా సమకూరాలి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత గనుల ప్రాంతంలోని రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పం నుంచి పనికోసం రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లేవారి జీవితం మొదలైంది. తెల్లవారకముందే ఇల్లు వదలాల్సిన మనిషికి తొందరగా తయారయ్యే చిక్కని పానీయం సోకు కాదు, అవసరం.

తోట నుంచి గ్లాసుకు

జిల్లా పంటలను చూస్తే స్మూతీకి కావలసిన సరుకంతా ఇంటి చుట్టుపక్కలే ఉంది. కోలారు మార్కెట్ యార్డు దేశంలోని అతి పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. 2023 జులైలో ఇక్కడ 15 కిలోల టమాటా పెట్టె ధర 2,000 రూపాయలు దాటింది. ధర పడిపోయిన ఏళ్లలో అదే టమాటాను రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. శ్రీనివాసపురం తాలూకా మామిడికి కర్ణాటకలోనే పేరుమోసింది. ఇక్కడి తోతాపురి కాయలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. ఆ ఫ్యాక్టరీలు ప్రధానంగా చిత్తూరు జిల్లాలో ఉండడం వల్ల, 2025 జూన్‌లో అక్కడి అధికారులు పొరుగు రాష్ట్రపు తోతాపురిని అడ్డుకున్నప్పుడు కోలారు రైతులు ఇబ్బంది పడ్డారు. ఆ గుజ్జు చివరికి చేరేది సీసా పానీయాల్లోకి. ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం అలాంటి పానీయంలో పండు కనీసం 10 శాతం ఉంటే చాలు. మిగతాది ముఖ్యంగా నీరు, పంచదార. అంటే చెట్టు మీది కాయ ఊరు దాటి వెళ్లి, పీచు పోగొట్టుకుని, చక్కెర కలుపుకుని తిరిగి అదే ఊరి కిరాణాకొట్టుకు వస్తోంది. కొన్ని కాయలనైనా ఇంటి మిక్సీలో పీచుతో సహా వాడుకుంటే ఈ చుట్టుతిరుగుడు తప్పుతుంది. రైతుకు ధర రావడం దీనితో తీరే సమస్య కాదు. ఇంట్లోవాళ్ల ఆహారం మాత్రం మెరుగవుతుంది.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం బలమైనదే: పండును నమిలి తినగలిగినప్పుడు తాగడం దేనికి? 1977లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనంలో పదిమందికి యాపిల్‌ను పండుగా, గుజ్జుగా, రసంగా ఇచ్చి పోల్చారు. పండు తినడానికి పట్టిన సమయంతో పోలిస్తే రసాన్ని 11 రెట్లు వేగంగా తాగేశారు. కడుపు నిండిన తృప్తి పండుతో ఎక్కువ, గుజ్జుతో తక్కువ, రసంతో అన్నిటికన్నా తక్కువ. ఇన్సులిన్ కూడా పండు తిన్నప్పటికన్నా గుజ్జు, రసం తీసుకున్నప్పుడు ఎక్కువగా పెరిగింది. కాబట్టి స్మూతీ పండుకు సమానమని ఎవరైనా అంటే అది తప్పు. ఈ ఫలితాల్లోనే ఇంకో విషయమూ ఉంది: చాలా కొలతల్లో గుజ్జు స్థానం పండుకూ రసానికీ నడుమ. స్మూతీని పండుకు బదులుగా కాక, జ్యూసుకూ సీసా పానీయానికీ బదులుగా తీసుకోవాలన్నదే దీని సారం. బ్రిటన్ ఆరోగ్య సేవ స్మూతీని రోజుకు 150 మిల్లీలీటర్లకు మించవద్దని చెప్పడమూ ఇందుకే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచిస్తున్నాయి. నాలుగు వంతులు కూర, ఒక వంతు పండు అన్న ఈ లెక్కను గ్లాసుకూ వర్తింపజేస్తే చక్కెర సమస్య చాలావరకు సర్దుకుంటుంది. దుకాణపు స్మూతీ దీన్ని తలకిందులు చేస్తుంది. అక్కడ పండే ఎక్కువ, పైన తేనె, ఐస్‌క్రీం.

రెండో అభ్యంతరం: అంబలి ఉడికించిన ధాన్యం, స్మూతీ పచ్చి పండు, రెండింటినీ ఒక గాటన కట్టడం బలవంతమే కదా? పదార్థాల విషయంలో ఈ మాట నిజం. అయితే ఇక్కడ పోలుస్తున్నది పదార్థాలను కాదు, పద్ధతిని: వడకట్టకపోవడం, పెరుగు లేదా మజ్జిగ ఆధారం, తీపి తక్కువ, ఊళ్లో దొరికే సరుకు. అంబలిలో పచ్చి కూర ఉన్నది ఉల్లిపాయ మేరకే, కాబట్టి విటమిన్ సి తక్కువ. స్మూతీలో ధాన్యపు బలం లేదు. ఒకదానిలో లేనిది ఇంకొకటి తీరుస్తుంది. టమాటా, బొప్పాయిలలోని విటమిన్ సి రాగిలోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది.

ఇంట్లో చేసే తీరు

ఇద్దరికి ఒక చిన్న కీరదోస, ఉడికించిన క్యారెట్ ఒకటి, పండిన టమాటా ఒకటి, గుప్పెడు పుదీనా, కొత్తిమీర, చిన్న బొప్పాయి ముక్క లేదా సగం మామిడి, ఒక కప్పు పెరుగు, చెంచా పేలపిండి, చెంచా వేయించిన వేరుశనగలు సరిపోతాయి. క్యారెట్, మామిడిలోని కెరోటిన్ ఒంటికి పట్టడానికి కొంత కొవ్వు కావాలి, వేరుశనగలు అందుకే. పెరుగు, మెత్తని ముక్కలు ముందు వేసి, గట్టివి తర్వాత వేసి, మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఉప్పు, జీలకర్ర పొడి చాలు. పంచదార, తేనె వద్దు. పాలకూరను పచ్చిగా రోజూ వాడడం మంచిది కాదు. అందులోని ఆక్సలేట్లు మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే స్వభావం ఉన్నవారికి హాని చేస్తాయి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగి మోతాదు నిర్ణయించుకోవాలి. కోలారు జిల్లాకు ప్రత్యేకమైన జాగ్రత్త నీటిది. ఇక్కడి భూగర్భజలంలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. బోరు నీళ్లకు బదులు శుద్ధి కేంద్రం నీళ్లో, ఇంటి పెరుగు మజ్జిగో వాడాలి. చేసిన వెంటనే తాగాలి, గటగటా కాకుండా నెమ్మదిగా.

బ్లేడు ఎంత పదునైనదైనా గ్లాసులోకి పీచు తేలేదు, తీపి తగ్గించలేదు. ఆ రెండూ చేసేవాళ్ల చేతిలో ఉన్నాయి. అంబలి చేసినంత పొదుపుగా, పిప్పి పారేయకుండా చేసిన స్మూతీ ఈ సీమకు కొత్తదేమీ కాదు. వడకట్టి పంచదార కలిపినది పాత పానకమే, పేరు మాత్రం కొత్తది.