హాట్ రాడ్ బండ్లయందు కమాను పట్టీల చరిత్ర



ఈ వార్షిక సంచికకు మన వృత్తికి సంబంధించిన చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసినదని సంఘ కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. కొలిమిని గూర్చియు, దాగలిని గూర్చియు, పూర్వుల ఉక్కును గూర్చియు పెద్దలనేకులు వ్రాసియున్నారు. చెప్పినదానినే మరల చెప్పుట యేల యని యోచించి, మన కొలిమిలో నందరకును పరిచితమైన యొక వస్తువును, దానికి దూరదేశమున జరిగిన కథను ఎన్నుకొంటిని. ఆ వస్తువు కమాను పట్టీ.

లారీల క్రింద విరిగిన కమాను పట్టీలను తెచ్చి కత్తులు, కొడవండ్లు చేయుట మన గ్రామములయందు వాడుకయే. నా బాల్యమున నేను తిత్తి ఊదుచుండగా నొక లారీవాడు సాగి చదునైన పట్టీని తెచ్చి, "ఆచారిగారూ! దీనిని కొలిమిలో పెట్టి కొంచెము వంపు తిప్పి ఇయ్యండి, సాయంకాలమునకు బండి కదలవలెను" అని మా నాయనగారిని వేడెను. నాయన దానిని చేత త్రిప్పి చూచి, "కొడవలి చేయుమన్నచో చేసెదను. బండికి మరల బిగించెదనన్నచో నేను ముట్టను" అని పలికెను. కూలి డబ్బులు కాలదన్నుకొనుచున్నాడని నాకు కోపము వచ్చెను. ఆ మాటలోని యర్థము చాలకాలమునకు, అమెరికా దేశపు మోటారు బండ్ల చరిత్ర చదువుచుండగా తెలిసినది.

ఉక్కు పట్టీలను పేర్చి బండికి మెత్తదనము కల్పించు విద్య మోటారుకంటె పురాతనము. 1804వ సంవత్సరమున లండను నగరమునందలి ఓబడయా ఎలియట్ అను బండ్లపనివాడు, అండాకారపు కమానులను నేరుగా ఇరుసులపై నిలిపి బండిని వానిమీద మోపు పద్ధతికి పేటెంటు పొందెను. అంతకు పూర్వము ముందు వెనుకల ఇరుసులను కలుపుచుండిన బరువైన దూలము దీనితో ననవసరమయ్యెను. శతాబ్దము పిదప 1908లో హెన్రీ ఫోర్డు తన టీ మోడలు బండికి ముందొకటి, వెనుకనొకటి, రెండే కమానులనుంచెను. అవి బండి పొడవునగాక అడ్డముగ నుండును. కమాను నడుము చట్రమునకు బిగింపబడును. రెండు కొనలు షాకిళ్ల మూలమున ఇరుసునుండి వ్రేలాడును. ఖర్చు తక్కువ, బరువు తక్కువ. గోతుల బాటలో నొక చక్రము పైకి లేచినను చట్రము మెలిపడదు. 1927 వరకు ఒక కోటి యేబది లక్షలకు మించి ఆ బండ్లు తయారైనవి. కావున కొలదికాలములోనే పాతబడిన ఫోర్డు బండ్లు బీదయువకులకు సైతము దొరకసాగెను.

దక్షిణ కాలిఫోర్నియా యువకులు అట్టి బండ్లను చవుకగా కొని, మడ్గార్డులు మొదలగువానిని ఊడదీసి, ఇంజనుకు బలము పెంచి, మ్యూరాక్ అను ఎండిన సరస్సు నేలపై పందెములకు తోలుచుండిరి. వానికే హాట్ రాడ్ అని పేరు. 1932లో ఫోర్డు ఎనిమిది సిలిండర్ల ఇంజనుగల బండిని అమ్మకమునకు తెచ్చిన పిదప ఈ వేడుక మరింత ప్రబలెను. 1937లో వారి క్లబ్బులు కూడి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించినవి.

ఇచ్చట కమాను ప్రసక్తి వచ్చుచున్నది. వేగమునకు బండి నేలకు దగ్గరగ నుండవలెను. చూపునకును అదియే యందమని వారి యభిరుచి. బండిని దింపుటకు సులువైన మార్గము కమానులోని కొన్ని పట్టీలను తీసివేయుట. దీనిని తప్పని యొక్కమాటతో కొట్టివేయుట న్యాయము కాదు. రేకులు ఊడదీసిన బండి బరువు తగ్గియుండెను గనుక పూర్వపు కమాను దానికి మిక్కిలి బిరుసు. అయినను దీనికొక లెక్కయున్నది. ఒకే మందముగల పది పట్టీలలో మూడు తీసిన, బిరుసు పదింట ఏడు వంతులకు దిగును. అదే బరువు మోసినపుడు మిగిలిన యొక్కొక్క పట్టీపై భారము ఇంచుమించు ఒకటిన్నర రెట్లగును. పట్టీ మందము రెట్టింపైన బిరుసు ఎనిమిది రెట్లు పెరుగునను సంగతియు మరువరాదు. ఈ లెక్క తెలిసినవాడు బండిని తూచి పట్టీ తీసెను. తెలియనివాడు తనకు కావలసినంత క్రుంగువరకు తీసెను; వాని బండి గుంత తగిలినపుడెల్ల చట్రము ఇరుసును గ్రుద్దెను.

మరియొక చిక్కు షాకిళ్లది. అవి రమారమి నలుబదియైదు డిగ్రీల వాలున నుండవలెను. పట్టీలు తీసిన కమాను చదునై కొనలు వెలుపలికి జరిగిన యెడల షాకిళ్లు నిట్టనిలువున నిలిచి, బండి ప్రక్కప్రక్కలకు ఊగును. దానికై అడ్డముగ పాన్‌హార్డ్ కడ్డీ యొకటి బిగించువారు కొందరు. నా యభిప్రాయమున అది చికిత్సయేగాని ఆరోగ్యము కాదు.

ఇంతకంటె తెలివైన యుపాయము కన్ను మార్చుట. ఫోర్డు కమానులో నన్నిటికంటె పొడవైన పెద్దపట్టీ అడుగున నుండి, దాని కొనలు క్రిందివైపునకు చుట్టబడి కన్నులుగ నేర్పడియుండును. ఆ కన్నులనే పైవైపునకు చుట్టినచో పట్టీ అంతయు కన్నుకంటె దిగువకు వచ్చి, బలములో నేమియు తగ్గకయే బండి యించుమించు ఒక అంగుళము దిగును.

అన్నిటికంటె నాకు నచ్చినది దింపిన యిరుసు. ముందు యిరుసు కొనలను ఎర్రగ కాల్చి సాగదీసి పైకి వంచినచో, చక్రములున్న యెత్తుననే యుండగా నడుము రెండు మొదలు నాలుగు అంగుళములు దిగును. కమానును తాకనక్కరయే లేదు. శాండియాగో నగరమున ఎడ్ స్టివర్ట్ అను పనివాడు ఈ పనియందెంత ప్రసిద్ధుడనగా, వాని పేరు నడుమ 'ఆక్సిల్' అను మాట బిరుదువలె చేరిపోయెను. ఇది ముమ్మాటికిని కొలిమి పనియే.

ఇరుసును కాల్చి వంచవచ్చును గదా, కమానును కాల్చి యేల వంచరాదని చదువరులడుగవచ్చును. నాయనగారి మాట కుత్తరము ఇచ్చటనే యున్నది. కమాను ఉక్కునందు బొగ్గుపాలు నూటికి రమారమి ఆరు పదులవంతు. దానిని సుమారు ఎనిమిదివందల యేబది సెంటిగ్రేడు డిగ్రీల వరకు కాల్చి నూనెలో ముంచి గట్టిపరచి, మరల నాలుగువందల యేబది ప్రాంతమున నిదానముగ కాచి పదును దింపుదురు. వంగి మరల యథాస్థితికి వచ్చు గుణము ఈ రెండు కాపుల ఫలము. గ్యాసుమంటతో నొకచోట ఎర్రగ కాల్చి వంచిన, ఆ చోటు మెత్తబడి క్రుంగిపోవును, లేదా తటాలున చల్లారి పెళుసై విరుగును. ముందు కమాను ఒకటే గనుక పెద్దపట్టీ విరిగినచో ఇరుసు తొలగి, బండి తోలువాని చేతిలో నుండదు. వంపు తగ్గింపదలచినవారు చల్లగనున్న పట్టీనే ప్రెస్సు క్రింద కొంచెము కొంచెముగ వంచవలెను. లేదా పట్టీనంతను కాల్చి వంచి, మొదటినుండి పదును పెట్టవలెను.

పట్టీలను విప్పుటయందును ప్రాణభయము కలదు. నడిమి బోల్టు ఊడగనే పట్టీలలోని బిగువు ఒక్కసారి తప్పి ఎగిరి తగులును. అందుచే ఇరుప్రక్కల బలమైన బిగింపులు వేసి, పొడవైన బోల్టుతో మెల్లమెల్లగ వదలుదురు.

1949లో ఫోర్డు అడ్డకమానును విడిచి, ముందు చుట్టు స్ప్రింగులను, వెనుక పొడవుకమానులను రెంటిని పెట్టెను. అట్టి వెనుకకమానుకు ఇరుసునకు నడుమ దిమ్మెలుంచి బండిని దింపుట తరువాతి పద్ధతి. టైరు పగిలినను నేల తగులకుండుటకై, చక్రపు ఇనుపయంచు కంటె దిగువకు ఏ భాగమును రారాదను నియమమును మాత్రము మంచి పనివారు తప్పరు. అడ్డకమానులు నేటికిని పాత తీరు హాట్ రాడ్‌లకై క్రొత్తగ తయారగుచున్నవి. కన్ను మార్చిన పెద్దపట్టీలు అంగడిలో సిద్ధముగ దొరకుచున్నవి.

ఇక మా లారీవాడు. వాడు గొణుగుచు పోయి, మరునాడు క్రొత్త పట్టీ కొని బిగించుకొని, పాతదానిని మా వాకిట పడవైచి పోయెను. దానితో నాయన నాలుగు కొడవండ్లు చేసెను. అందులో నొకటి నేటికిని మా యింట గడ్డి కోయుచున్నది.